చలి కాదు... దాహం!

పెరటి కబుర్లు

జనవరి నెల. సంక్రాంతి ముగ్గులింకా పూర్తిగా చెరిగిపోలేదు. ఏలూరులో రాత్రి తొమ్మిదిన్నర. కాలవగట్టు మీంచి వచ్చే చలిగాలికి తలుపులు వేసేసి, భుజాల చుట్టూ శాలువా కప్పుకుని కూర్చుందో అమ్మ. బయట మహా అయితే పద్దెనిమిది డిగ్రీలుంటుంది. మనకదే గజగజ! ఇంతలో ఫోన్ మోగింది. డెన్వర్ నుంచి కూతురు. అక్కడ ఉదయం తొమ్మిది.

'అమ్మా, ఇటు చూడు' అంటూ ఆ అమ్మాయి ఫోన్‌ని వాకిట్లోకి తిప్పింది. సెప్టెంబరులో కొత్తింట్లో దిగగానే గుమ్మం పక్కన వరసగా నాటిన మూడు హైడ్రేంజియాలు. అప్పుడు ఆకుపచ్చగా కళకళలాడుతూ ఉన్నాయి. ఇప్పుడు చూస్తే మూడు పుల్లల కట్టలు.

'చలికి చచ్చిపోయాయమ్మా. ఆయన పీకేద్దామంటున్నారు.'

'ఉండవే, అంత తొందరేంటి? గోటితో గీకి చూశావా?'

'దేన్ని?'

'కొమ్మని. కింద, మొదలు దగ్గర. పై తోలు కింద పచ్చగా కనబడితే బతికున్నట్టే. ఇంతకీ నీళ్ళెప్పుడు పోశావు?'

అవతల కాసేపు మాట లేదు. 'చలికాలంలో నీళ్ళేంటమ్మా? దీపావళికే పైపు చుట్టేసి గ్యారేజీలో పడేశాం.'

జబ్బు ఎక్కడుందో అమ్మకు తెలిసిపోయింది!

ఇది ఒక్క ఇంటి ముచ్చట అనుకోనక్కర్లేదు. ఊరి పేరు మార్చుకుంటే ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, భీమవరం... ఎక్కడి ఇంట్లోనైనా వినిపించగల కబురే. పిల్లలు డెన్వర్‌లోనో, కెనడాలోని క్యాల్గరీలోనో ఇల్లు కొనుక్కుంటారు. అమ్మానాన్నలను గృహప్రవేశానికి రప్పించుకుంటారు. వాళ్ళు వెనక్కి వచ్చేలోపు గుమ్మం ముందు ఓ మొక్క నాటించి వస్తారు. ఆ తరవాత ఆ మొక్క ఎలా ఉందన్న కబురు కూడా మనవల కబుర్లతో పాటే వారం వారం సాగుతుంది. అది ఎండిపోయిందంటే ఇక్కడ ఎవరికో అన్నం సయించదు. అందుకే ఈ వారం ఆ మొక్క సంగతే. అక్కడి చలికాలాన్ని అది ఎలా గట్టెక్కాలో చూద్దాం. మన వాకిట్లోకి తెచ్చుకుంటే ఎలా కాపాడుకోవాలో కూడా తెలుసుకుందాం.

పేరులోనే నీళ్ళు!

ఊటీ, కొడైకెనాల్ వెళ్ళినవాళ్ళు హైడ్రేంజియాని చూసే ఉంటారు. నీలం, గులాబీ, తెలుపు రంగుల్లో పిల్లల తలకాయంత పూలబంతి! దూరం నుంచి ఒకే పువ్వులా ఉంటుంది, దగ్గరికెళితే గుత్తినిండా చిన్న చిన్న పూలు. మన నూరువరహాల గుత్తిని నాలుగింతలు చేస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. కడియపులంక నర్సరీల్లో కూడా కుండీల్లో కనబడుతూ ఉంటుంది.

దీని పేరు గ్రీకు మాటల్లోంచి వచ్చింది. 'హైడ్రో' అంటే నీరు, 'ఆంజియాన్' అంటే పాత్ర. అంటే నీళ్ళ కుండ! కాయ ఆకారం చిన్న కుండలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. కానీ దాన్ని పెంచినవాళ్ళెవరైనా ఆ పేరుకు వేరే అర్థం చెబుతారు. రోజూ ఓ కుండెడు నీళ్ళు తాగుతుంది కాబట్టి అని!

గుండ్రటి పూలబంతులు పూసే రకం పుట్టిల్లు జపాన్. అక్కడ జూన్, జులై నెలల్లో ముసురుపట్టే కాలంలో ఇది విరగబూస్తుంది. అంటే వానాకాలపు పువ్వు. దీనికి దగ్గరి చుట్టమైన ఓ రకం ఆకులతో తియ్యటి కషాయం కాచి, ఏప్రిల్ 8న బుద్ధుడి పుట్టినరోజు నాడు బాలబుద్ధుడి విగ్రహానికి అక్కడివాళ్ళు అభిషేకం చేస్తారు. అయితే తోటల్లో పెంచే మామూలు హైడ్రేంజియా ఆకుల్నీ పూలనీ తినకూడదు. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. పాకే పిల్లలున్న ఇంట్లో, కుక్కపిల్ల ఉన్న ఇంట్లో జాగ్రత్తపడాలి.

ఇక డెన్వర్ సంగతి. సముద్రమట్టానికి సరిగ్గా మైలు ఎత్తులో... అంటే సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. ఏడాది మొత్తానికి వానా మంచూ కలిపి లెక్కేసినా 38 సెంటీమీటర్లు దాటడం గొప్ప. మన ఏలూరు వైపు కురిసేదాంట్లో మూడో వంతుకి కాస్త ఎక్కువ, అంతే! గాలిలో తేమ తక్కువ. ఎండ ఎక్కువ. చలికాలంలో కూడా ఆకాశం నీలంగా, నిర్మలంగా ఉంటుంది. ముసురులో పుట్టిన మొక్కని తీసుకెళ్ళి అలాంటి చోట నాటడమంటే... కోనసీమ పిల్లని ఎడారిలో ఇంటికి కోడలిగా పంపినట్టే. పుట్టింటివాళ్ళు కాస్త కనిపెట్టుకుని ఉండాలి.

కొల్లేటి పక్కన దాహం

'మొక్క చలికి చచ్చిపోయింది' అంటాం కానీ, అలాంటిచోట చాలా కొత్త మొక్కల ప్రాణం తీసేది చలి ఒక్కటే కాదు. దాహం!

అదెలాగంటే... ఆకు రాలిపోయినా కొమ్మ ఊపిరి ఆగదు. దాని లోపల ఉన్న తడి, ఎండకీ గాలికీ కొంచెం కొంచెంగా ఆవిరైపోతూనే ఉంటుంది. వేళ్ళు కింది నుంచి నీళ్ళు పంపిస్తే ఆ లోటు తీరుతుంది. కానీ చలికాలంలో నేల గడ్డకడుతుంది. మట్టిలో తడి ఉన్నా అది మంచుగడ్డ. వేళ్ళు పీల్చుకోలేవు. పైనుంచి ఖర్చు, కింది నుంచి రాబడి లేదు. చివరికి కొమ్మ పుల్లవుతుంది. వచ్చే ఏడాది పూయాల్సిన మొగ్గ కొమ్మ చివరనే నిద్రపోతూ ఉంటుంది కదా... ముందు ఎండిపోయేది అదే.

కొల్లేటి ఊళ్ళవాళ్ళకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో సరస్సు మట్టం తగ్గితే ఉప్పుటేరు గుండా సముద్రపు పోటు నీరు పైకి ఎగదన్నుతుంది. చుట్టూ నీళ్ళే, గొంతు తడుపుకోవడానికి పనికిరావు. ఆ ఉప్పునీళ్ళు పోస్తే మొక్క కూడా తడిమట్టిలోనే నిలబడి వాడిపోతుంది. ఇక్కడ ఉప్పు చేసే పనే అక్కడ మంచు చేస్తుంది. నీరుంటుంది, దాహం తీరదు!

పాతుకుపోయిన మొక్కయితే ఎలాగో తట్టుకుంటుంది. దాని వేళ్ళు లోతుకు దిగి ఉంటాయి. సెప్టెంబరులో నాటినదానికి ఆ అవకాశమేదీ? దాని వేళ్ళింకా కుండీ ఆకారంలోనే ముద్దగా ఉంటాయి. చుట్టూ ఉన్న నేలతో వాటికింకా పరిచయమే అవలేదు. కుండీలోని మట్టి తేలిగ్గా, పొడిపొడిగా ఉంటుంది. అది పక్కనున్న బంకమట్టి కంటే ముందే ఆరిపోతుంది. పైకి చూస్తే నేల తడిగా ఉన్నట్టే ఉంటుంది, లోపల వేళ్ళముద్ద మాత్రం పొడిబారి ఉంటుంది. అందుకే మొదటి చలికాలమే గండం. అది గడిస్తే సగం గట్టెక్కినట్టే.

నెలకు రెండుసార్లు... బిందెడు పైనే

మరేం చెయ్యాలి? మొదటి మందు నీళ్ళే.

నేల గడ్డకట్టకముందే, అంటే అక్టోబరులోనూ నవంబరు మొదట్లోనూ లోతుగా ఇంకేలా నీళ్ళు పెట్టాలి. పైపైన చిలకరిస్తే లాభం లేదు. పైపు ధార సన్నగా పెట్టి మొదట్లో వదిలేస్తే నీరు జానెడు లోతుకు, ఇంకా కిందికి దిగుతుంది. వేళ్ళముద్దతో పాటు దాని చుట్టూ మూరెడు మేర నేల కూడా తడవాలి. కొత్త వేళ్ళు వెళ్ళాల్సింది ఆ నేలలోకే కదా!

అక్కడితో అయిపోలేదు. చలికాలమంతా కనిపెట్టుకుని ఉండాలి. కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయం వారి విస్తరణ విభాగం ఈ విషయంలో స్పష్టమైన లెక్క చెబుతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా వానా మంచూ పడకుండా పొడిగా ఉంటే కొత్తగా నాటిన పొదకు నెలకు రెండుసార్లు, సారికి 5 గ్యాలన్లు పొయ్యాలి. అంటే సుమారు 19 లీటర్లు. మన లెక్కలో బిందెడు పైనే!

దానికీ ఓ పద్ధతుంది. బయట ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెంటీగ్రేడ్... అక్కడి కొలతలో 40 ఫారెన్‌హీట్... దాటిన రోజు చూసుకోవాలి. నేల మీద మంచు ఉండకూడదు. నేల గడ్డకట్టి ఉండకూడదు. మధ్యాహ్నం పూట పొయ్యాలి. అలా అయితే రాత్రి మళ్ళీ గడ్డకట్టేలోపు నీరు ఇంకిపోతుంది. డెన్వర్‌లో డిసెంబరు, జనవరి నెలల్లో కూడా అలాంటి ఎండరోజులు వస్తూనే ఉంటాయి. క్యాల్గరీలోనైతే 'షినూక్' అనే పొడి వెచ్చగాలి కొండల మీంచి దిగి, ఉన్న మంచుని ఒక్కపూటలో తాగేస్తుంది. మనిషికి హాయి, కొత్త మొక్కకి ప్రమాదం.

పైపు వాడితే పని కాగానే కుళాయి నుంచి విప్పేయాలి. లేకపోతే అందులో నీరు గడ్డకట్టి కుళాయి పగులుతుంది. ఆ బెడద లేకుండా రెండు బకెట్లు మోసుకెళ్ళి పోసినా సరిపోతుంది. అల్లుడుగారికి ఆదివారం కాస్త వ్యాయామం!

మరి మంచు పడితే? సంతోషించాలి. చలిని ఆపడంలో మెత్తటి మంచు దుప్పటిలాంటిది. నడవలో ఎత్తిపోసే శుభ్రమైన మంచుని మొక్క మొదట్లోకి తోస్తే రెండు లాభాలు. కప్పుకి కప్పు, కరిగాక తడికి తడి. అయితే పది అంగుళాల మంచు కరిగితే వచ్చేది సుమారు ఒక్క అంగుళం నీరే అని గుర్తుంచుకోవాలి. దారిలో జారకుండా చల్లే ఉప్పు కలిసిన మంచు మాత్రం మొక్క దగ్గరికి రాకూడదు. ఉప్పు ఏం చేస్తుందో కొల్లేటి కథలో చెప్పుకున్నాం కదా!

మొదట్లో తివాచీ

రెండో మందు... కప్పు.

తివాచీలకు పేరుపడ్డ ఊరు ఏలూరు. అలాంటి తివాచీ ఒకటి మొక్క మొదట్లోనూ పరవాలి. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి పెద్దవాళ్ళు ఏం చేస్తారు? కొత్తగా నాటిన మామిడంటు చుట్టూ వరిగడ్డో, కొబ్బరి పీచో, ఎండుటాకులో కప్పుతారు. అక్కడా అదే పని. సరుకే వేరు. రాలిన ఆకులు, చెక్క పొట్టు, పైన్ చెట్ల ఎండు సూదులు. మూడు నాలుగు అంగుళాల మందం ఉండాలి. దీనివల్ల నేలలో తడి ఆరిపోదు. పగలు కరుగుతూ రాత్రి గడ్డకడుతూ ఉంటే నేల ఉబ్బి, కొత్తగా నాటిన మొక్కను వేళ్ళతో సహా పైకి నెట్టేస్తుంది. కప్పు ఉంటే ఆ ఉబ్బడం కూడా తగ్గుతుంది.

మామూలుగా కప్పిన ఆకుల్ని కాండానికి ఆనించకూడదు. నాలుగు వేళ్ళ ఖాళీ వదలాలి. ఆనిస్తే తోలు కుళ్ళుతుంది. ఎలుకజాతి జీవులు ఆ వెచ్చదనంలో దూరి తోలు కొరికేస్తాయి. కుందేళ్ళ బెడద కూడా తక్కువేం కాదు.

గుండ్రటి పూలబంతులు పూసే రకమైతే ఇంకో అడుగు వెయ్యాలి. చలి బాగా ముదిరి, నేల పైపొర గడ్డకట్టడం మొదలయ్యాక మొక్క చుట్టూ సన్నకళ్ళ ఇనుప వల గుండ్రంగా చుట్టి, అందులో ఎండాకులు వదులుగా నింపాలి. కొమ్మల చివర్లు కూడా మునిగేలా. కుందేళ్ళు లోపలికి రాకుండా వల అంచుని మట్టిలోకి కాస్త దించాలి. గాలి తగిలే వైపు గోనె పట్టా కట్టాలి. జూట్‌మిల్లు కూత వింటూ పెరిగిన ఏలూరు వాళ్ళకి గోనె గురించి వేరే చెప్పాలా? గాలి ఆడుతుంది, తడి చెమ్మ పట్టదు. ప్లాస్టిక్ కవరు మాత్రం కప్పకూడదు. పగటి ఎండకి లోపల ఉడికిపోతుంది, రాత్రి చలికి నీరు పట్టి గడ్డకడుతుంది.

ఇంకా కుండీలోనే ఉంటే? నాటడం కుదరనివాళ్ళు దాన్ని హీటరు లేని గ్యారేజీలో, గోడ వారగా పెట్టుకోవచ్చు. ఆకు రాలి నిద్రపోతుంది. మట్టి మరీ పొడిబారకుండా అప్పుడప్పుడు ఓ చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. వెచ్చగా ఉండే హాల్లోకి తెస్తే నిద్ర చెడి, మొక్క నీరసిస్తుంది.

కత్తెర దాచెయ్యండి!

చలికాలం ముందు ఎండుకొమ్మలు చూసి చాలామంది కత్తెర పట్టుకుంటారు. అక్కడే వచ్చే ఏడాది పూలన్నీ పోతాయి!

హైడ్రేంజియాల్లో రెండు దారులున్నాయి. గుండ్రటి నీలం, గులాబీ పూల రకం పాత కొమ్మ మీద పూస్తుంది. అంటే ఈ ఏడాది వేసవి చివర్లోనే వచ్చే ఏడాది మొగ్గ తయారైపోయి ఉంటుంది. కొమ్మ నరికితే మొగ్గా పోయినట్టే. చలికి కొమ్మ ఎండినా అంతే. మొదలు నుంచి కొత్త చిగుళ్ళొచ్చి మొక్క బతికినా ఆ ఏడాది ఆకులే తప్ప పూలుండవు. 'బతికింది కానీ పూయట్లేదు' అనే ఫిర్యాదు వెనక అసలు కారణం చాలాసార్లు ఇదే.

'పానిక్యులేటా', 'అర్బోరెసెన్స్' అనే రెండు రకాలు మాత్రం కొత్త చిగురు మీద పూస్తాయి. చలికాలంలో పై కొమ్మ పోయినా నష్టం లేదు. వసంతంలో చిగిర్చి ఎండాకాలానికి పూసేస్తాయి. గడ్డకట్టే చలిని బాగా తట్టుకుంటాయి కూడా. తెల్లటి పెద్ద బంతులు పూసే 'అన్నాబెల్' రెండో జాతిలోదే. డెన్వర్, క్యాల్గరీ లాంటి ఊళ్ళలో ఇంకా మొక్క కొననివాళ్ళకి ఇవే మంచివి. నీలం బంతుల మీద మనసు పడితే, పాత కొమ్మ మీదా కొత్త కొమ్మ మీదా పూసేలా వచ్చిన రకాలున్నాయి. 2004లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన 'ఎండ్‌లెస్ సమ్మర్' అలాంటిదే. అయినా దానికీ కప్పు తప్పదు.

ఎరువు విషయంలోనూ ఓ మాట. ఆగస్టు తరవాత నత్రజని ఎరువు వెయ్యకూడదు. వేస్తే లేత చిగుళ్ళు తన్నుకొస్తాయి. అవి ముదిరేలోపే మంచు పడుతుంది. పరీక్షల ముందు పిల్లాడికి కొత్త ఆట నేర్పినట్టవుతుంది.

ఇక రంగు సంగతి. మట్టి పుల్లగా ఉంటే మొక్క అందులోని అల్యూమినియాన్ని పీల్చుకుని నీలంగా పూస్తుంది. క్షారంగా ఉంటే గులాబీ రంగు. డెన్వర్ ప్రాంతపు నేలలు ఎక్కువగా క్షారపువే. నీలం పువ్వుని చూసి కొన్నా మరుసటి ఏడాది గులాబీ పూస్తే నర్సరీవాడు మోసం చేశాడనుకోవద్దు. మట్టి రంగు మార్చిందంతే!

శివరాత్రి దాటినా...

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని మనవాళ్ళ మాట. ఆ లెక్క డెన్వర్‌లో పనికిరాదు. అక్కడ ఎక్కువ మంచు పడే నెలల్లో మార్చి ఒకటి. మే నెల మొదట్లో కూడా ఓ రాత్రి మంచు కురిసి లేత చిగుళ్ళని మాడ్చేయగలదు. కాబట్టి నాలుగు రోజులు ఎండ కాసిందని కప్పంతా ఒక్కసారి లాగేయకూడదు. ఏప్రిల్ నుంచి కొంచెం కొంచెంగా తీస్తూ రావాలి. మంచు పడేలా ఉందన్న రాత్రి ఓ పాత దుప్పటి కప్పి, పొద్దున్నే తీసేయాలి.

అన్నిటికంటే ముఖ్యం... తొందరపడి పీకకూడదు. పై కొమ్మలన్నీ ఎండిపోయినా నేలలో మొదలు బతికే ఉండొచ్చు. గోటితో గీకితే పచ్చగా, తడిగా ఉందా? ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉందా? ఆ కొమ్మ పోయింది. మొక్క పోయిందని కాదు! ఇంకాస్త కిందికి గీకి చూడాలి. ఆకులన్నీ విప్పాక కూడా జూన్ మొదటివారం దాకా ఆగాలి. అప్పటికీ మొదట్లోంచి ఒక్క చిగురైనా రాకపోతేనే ఆశ వదులుకోవాలి. ఎండుకొమ్మల్ని కత్తిరించడం కూడా చిగుళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనబడ్డాకే.

ఇక్కడ మన వాకిట్లో...

ఇంత చదివాక 'మన ఏలూర్లో ఓ కుండీ తెచ్చుకుంటే?' అనిపించడం సహజం. తెచ్చుకోవచ్చు. క్యాలెండరు మాత్రం తిరగేసుకోవాలి. అక్కడ దానికి జనవరి గండం, ఇక్కడ మే నెల గండం. అక్కడ మంచు, ఇక్కడ రోహిణి. తీసే ప్రాణం ఒకటే, తీసే తీరూ ఒకటే... దాహం!

అందుకని నవంబరులో తెచ్చుకుంటే వేసవి వచ్చేలోపు వేళ్ళు కుదురుకుంటాయి. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలి, పదింటి తరవాత నీడ పడే తూర్పు వరండా దీనికి సరైన చోటు. కొల్లేటి వైపు జిగట నల్లమట్టిలో వేళ్ళకి గాలాడదు. తాడేపల్లిగూడెం మెట్ట వైపు దొరికే ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి కుండీ నింపితే మేలు. బోరునీళ్ళు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడతాయి. వాననీళ్ళు పట్టుకుని వాడొచ్చు, లేదా కాలవ నీళ్ళు.

మొదట్లో కప్పడానికి మన దగ్గర సరుక్కి కొరతా? కాలవల్లోనూ కొల్లేటిలోనూ తెప్పలుగా పట్టిన గుర్రపుడెక్కని పూత రాకముందే తీసి, గట్టు మీద కరకరలాడేలా ఎండబెట్టి పరిస్తే చక్కటి తివాచీ. పచ్చిది వేస్తే తడి తగలగానే మళ్ళీ బతుకుతుంది, జాగ్రత్త.

ఓ నిజం కూడా ముందే చెప్పుకోవాలి. ఈ పూలబంతి మొక్కకి మొగ్గ కట్టాలంటే కొన్ని వారాలపాటు చల్లదనం కావాలి. సుమారు 18 డిగ్రీలకు దిగువన ఉండాలి. మన డెల్టాలో రాత్రిళ్ళు ఆ దరిదాపులకి వచ్చినా పగళ్ళు వెచ్చనే. కాబట్టి కొన్న ఏడాది పూసిన మొక్క మరుసటి ఏడాది ఆకులతోనే సరిపెట్టొచ్చు. అందులో మీ పెంపకం లోపమేం లేదు. ఏటా గుత్తులు గుత్తులుగా పూలు కావాలనుకుంటే నూరువరహాలు ఉండనే ఉంది. అయితే దానికీ క్షారపు మట్టి పడదు, ఆకులు పసుపెక్కుతాయి. కుండీలో ఎర్రమట్టి అయితే హాయిగా పెరుగుతుంది.

సందేహాలుంటే అడగడానికి చోటూ దగ్గరే. తాడేపల్లిగూడెం పక్కనే వెంకట్రామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వెలిసింది. తరవాత దానికి డాక్టర్ వైఎస్సార్ పేరు పెట్టారు. అక్కడే కృషి విజ్ఞాన కేంద్రం కూడా ఉంది. డెన్వర్ పిల్లలకి కొలరాడో విశ్వవిద్యాలయం ఎలాగో, మనకి అది అలాగ!

గోడకు అతికించుకోండి

(చల్లటి పొడి దేశాల్లో ఉన్న పిల్లలకు పంపడానికి)

* ఆగస్టు: ఎరువు ఆపేయాలి.
* సెప్టెంబరు: కొత్త మొక్క నాటితే నెల మొదట్లోనే. తూర్పు వైపు, గాలి నేరుగా తగలని చోట. కత్తెర వద్దు.
* అక్టోబరు, నవంబరు: లోతుగా నీళ్ళు. మొదట్లో మూడు నాలుగు అంగుళాల కప్పు. నేల గడ్డకట్టడం మొదలయ్యాక వల, ఆకులు, గోనె.
* డిసెంబరు నుంచి మార్చి: మంచు లేని పొడి రోజుల్లో, 4 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, నెలకు రెండుసార్లు 19 లీటర్ల చొప్పున.
* ఏప్రిల్, మే: కప్పు మెల్లగా తియ్యాలి. మంచు రాత్రి దుప్పటి.
* జూన్: చిగురు చూశాకే కత్తెర. చిగురు రాకపోతేనే కొత్త మొక్క.

చలికాలంలో కొల్లేటికి వెళితే, ఉత్తరాది దేశాల చలికి తాళలేక వేల మైళ్ళు ఎగిరొచ్చిన పక్షులు కనిపిస్తాయి. రెక్కలున్నాయి కాబట్టి వచ్చాయి. పిల్లలూ అంతే, రెక్కలొచ్చాక వెళ్ళారు. మొక్కకి ఆ సదుపాయం లేదు. నాటిన చోటే నిలబడి ఉన్న చలంతా భరించాలి. దాని తరఫున ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని బకెట్ ఎత్తాలి.

డెన్వర్‌లో ఆ అమ్మాయి ఏం చేసిందంటారా? అమ్మ చెప్పినట్టు మూడు మొక్కల్నీ మొదలు దగ్గర గీకింది. రెండింట్లో పచ్చగా ఉంది. మూడోది అనుమానం. పీకడం మానేసి, ఎండ కాసిన రోజు చూసి బకెట్లు మోయించింది. మే నెలాఖరుకి రెండు మొక్కల మొదళ్ళలోంచి ఎర్రటి మొనలతో చిగుళ్ళు లేచాయి. ఈ ఏడాది పూలు రాకపోవచ్చు. మూడోది ఇంకా పుల్లగానే ఉంది. దానికి మరో పది రోజులు గడువిచ్చారు.

చిగుళ్ళు చూపిద్దామని ఫోన్ చేసేసరికి ఇక్కడ రోహిణి కార్తె. రాత్రయినా వడ తగ్గలేదు. అమ్మ తన కరివేపాకు మొక్క మొదట్లో గడ్డి కప్పానని, రెండుపూటలా నీళ్ళు పోస్తున్నానని చెప్పుకుపోతోంది.

అవతల నుంచి కూతురు మధ్యలో ఆపింది.

'మొక్కల సంగతి సరేగానీ అమ్మా... నువ్వు నీళ్ళు తాగుతున్నావా?'